పిల్లాడి మీద కేసు పడితే లాయర్‌ని ఎలా వెతుక్కోవాలి: విజయవాడ, గుంటూరు తల్లిదండ్రుల కోసం

పదహారేళ్ల పిల్లాడిని స్టేషన్‌కి తీసుకెళ్లారని కబురు రాగానే ఇంట్లో అందరూ తలో దిక్కుకి పరుగెడతారు. తండ్రి తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేస్తాడు, మేనమామ డివిజన్ నాయకుడి ఇంటికి వెళతాడు, తల్లి స్టేషన్ బయట కూర్చుంటుంది. రాత్రయ్యేసరికి ఎవరో ఒకరు "ఈయన పెద్ద క్రిమినల్ లాయర్, మర్డర్ కేసులే కొట్టేయించాడు" అని ఒక నంబరు ఇస్తారు. ఆ టెన్షన్‌లో నిజానిజాలు చూసే ఓపిక ఎవరికీ ఉండదు. బంగారం తాకట్టు పెట్టి మరీ ఆ నంబరుకే డబ్బు కట్టేస్తారు.

అక్కడ ఆగండి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల కేసు నడిచే చోటు వేరు, దానికి వర్తించే చట్టం వేరు, బెయిల్ సెక్షన్ కూడా వేరే. సెషన్స్ కోర్టులో గొంతు చించుకుని వాదించే లాయర్‌కి పిల్లల కేసులు విచారించే జువైనల్ జస్టిస్ బోర్డులో పని ఎలా జరుగుతుందో తెలిసి ఉండాలని లేదు. ఇంకో సంగతి, పిల్లలకి ప్రభుత్వ ఖర్చుతో లాయర్‌ని ఇవ్వాలని చట్టమే చెబుతోంది, దానికి మీ ఆదాయంతో సంబంధం లేదు. ఈ రెండు విషయాలు ముందే తెలిస్తే చాలా కుటుంబాలు అప్పులపాలు కాకుండా ఉంటాయి, పిల్లలూ త్వరగా ఇంటికి వస్తారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు వయసు కాగితం

లాయర్ కంటే ముందు కావాల్సింది ఇదే. పిల్లాడి పదో తరగతి మార్కుల మెమో, అది లేకపోతే స్కూల్ ఇచ్చిన పుట్టినతేదీ సర్టిఫికెట్ వెతికి పట్టుకోండి. 2015 జువైనల్ జస్టిస్ చట్టం 94వ సెక్షన్ ప్రకారం వయసు తేల్చడానికి మొదట చూసేవి ఇవే. ఇవేవీ లేకపోతే కార్పొరేషన్, మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువీకరణ పత్రం చూస్తారు. అదీ లేనప్పుడే ఎముకల పరీక్ష లాంటి వైద్య పరీక్షకు పంపుతారు. చాలామంది ఆధార్ కార్డు ఒక్కటే పట్టుకుని వెళతారు. ఆధార్ పుట్టినతేదీకి రుజువు కాదని, స్కూల్ సర్టిఫికెట్‌నే చూడాలని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో ఒక తీర్పులో చెప్పింది, కాబట్టి ఆధార్ ఉన్నా మెమో కోసం ఇల్లంతా వెతకండి. దొరక్కపోతే తెల్లారగానే స్కూల్ ఆఫీసుకి వెళ్లి అడ్మిషన్ రిజిస్టర్ ఆధారంగా స్టడీ సర్టిఫికెట్ రాయించుకోండి.

చూడాల్సింది పట్టుకున్న రోజు వయసు కాదు, ఘటన జరిగిన రోజు వయసు. ఆ రోజుకి పద్దెనిమిది నిండకపోతే, ఇప్పుడు పంతొమ్మిదేళ్లున్నా కేసు బోర్డుకే వెళ్లాలి.

కాస్త పొడుగ్గా, మీసం వచ్చి ఉన్న కుర్రాడైతే కాగితాల్లో పంతొమ్మిది అని రాసేసి మామూలు మేజిస్ట్రేట్ ముందుకి తీసుకెళ్లే ప్రమాదం ఉంది. అలా జరిగినా దారి మూసుకుపోలేదు. అదే చట్టం 9వ సెక్షన్ కింద మైనర్ అనే వాదన ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా, ఆఖరికి కేసు ముగిసిపోయాక కూడా లేవనెత్తవచ్చు. కానీ అప్పటిదాకా పిల్లాడు పెద్దవాళ్లతో కలిసి జైల్లో ఉంటాడు, అందుకే మొదటి రోజే మెమో జిరాక్సులు చేతిలో ఉండాలి. ఒరిజినల్ మాత్రం ఎవరికీ ఇవ్వకండి, లాయర్‌కి కూడా. బోర్డు అడిగినప్పుడు మీరే తెచ్చి చూపించండి.

స్టేషన్ దగ్గర ఉన్న కాసేపట్లో

లాయర్ దొరకడానికి కొన్ని గంటలు పట్టవచ్చు. ఈలోపు మీరు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

పిల్లల్ని లాకప్‌లో పెట్టకూడదు, జైలుకి పంపకూడదు. ప్రయాణానికి పట్టే సమయం పోను ఇరవై నాలుగు గంటల్లోపు బోర్డు ముందు హాజరుపరచాలి. ఆదివారమైనా పండగైనా ఇదే లెక్క. బోర్డు కూర్చోని రోజున ఒక్క సభ్యుడి ముందైనా హాజరుపరచవచ్చని 7వ సెక్షన్‌లో ఉంది, కాబట్టి "సోమవారం దాకా ఇక్కడే ఉంటాడు" అంటే ఒప్పుకోనక్కర్లేదు. ప్రతి స్టేషన్‌లో పిల్లల విషయాలు చూడటానికి బాలల సంక్షేమ పోలీసు అధికారి అని ఒకరు ఉండాలి. ఆ అధికారి ఎవరో, కేసు ఏ సెక్షన్ల కింద రాస్తున్నారో, ఏ బోర్డు ముందుకి ఎన్ని గంటలకి తీసుకెళుతున్నారో మర్యాదగా అడిగి కాగితం మీద రాసుకోండి. మీరు మాట్లాడబోయే ఏ లాయరైనా మొదట అడిగేది ఈ వివరాలే.

కేంద్రం 2016లో తెచ్చిన మోడల్ రూల్స్ ఇంకా స్పష్టంగా ఉన్నాయి. బేడీలు వేయకూడదు. నేరం ఒప్పుకోమని బలవంతపెట్టకూడదు. పిల్లాడిని ప్రశ్నించేటప్పుడు తల్లి లేదా తండ్రి పక్కన ఉండవచ్చు. ఏ వాంగ్మూలం మీదా పిల్లాడితో సంతకం పెట్టించకూడదు. ఉచిత న్యాయ సహాయం కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి పోలీసులే కబురు చేయాలి. కాబట్టి మీరు స్టేషన్‌లో "సార్, లీగల్ సర్వీసెస్ వాళ్లకి చెప్పారా?" అని అడగడంలో తప్పేమీ లేదు. గొడవపడి అడగక్కర్లేదు, మామూలుగా అడిగితే చాలు.

పిల్లాడితో మాట్లాడే అవకాశం దొరికితే అందరి ముందూ "ఎందుకు చేశావురా" అని నిలదీయకండి. తిన్నాడా, ఎవరైనా కొట్టారా, ఒంట్లో ఎక్కడైనా నొప్పి ఉందా, ఇవి అడగండి. జరిగిందంతా లాయర్‌తో చెప్పుకోవాలి, స్టేషన్ వరండాలో కాదు. వాడి ఫోన్ మీ దగ్గరే ఉంటే అందులో మెసేజీలు, ఫొటోలు ఏవీ చెరపకండి. పిల్లాడికి మేలు చేస్తున్నామనుకుని చెరిపేస్తే సాక్ష్యం మాయం చేశారని మీ మీదికే ఇంకో కేసు రావచ్చు, పైగా పిల్లాడికి పనికొచ్చే మెసేజీలు కూడా వాటితోపాటే పోతాయి.

ఉచిత లాయర్ కోసం ఎక్కడికి వెళ్లాలి

1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ చదివితే పిల్లలు, మహిళలు, ఎస్సీ ఎస్టీలు, కస్టడీలో ఉన్నవాళ్లు అందరూ అర్హులే. పిల్లల విషయంలో ఆదాయ ధ్రువీకరణ పత్రం అక్కర్లేదు. తండ్రికి సొంత షాపున్నా, గవర్నమెంటు ఉద్యోగమున్నా పిల్లాడికి ఆ హక్కు పోదు. బోర్డు తన విధుల్లో భాగంగానే పిల్లాడికి న్యాయ సహాయం అందేలా చూడాలని జువైనల్ చట్టం 8వ సెక్షన్ అంటోంది.

అన్నిటికంటే సులువైనది ఫోన్. 15100 న్యాయ సేవల హెల్ప్‌లైన్ నంబరు. ఫోన్ తీయగానే మొత్తం కథ చెప్పకుండా ఇంతే చెప్పండి: "మా అబ్బాయి వయసు పదహారు. ఫలానా స్టేషన్ వాళ్లు ఈరోజు ఫలానా టైముకి పట్టుకున్నారు. రేపు జువైనల్ బోర్డు ముందుకి తీసుకెళతామంటున్నారు. అక్కడికి లాయర్ కావాలి." ఎవరితో మాట్లాడారో, ఎన్ని గంటలకి మాట్లాడారో రాసి పెట్టుకోండి. పిల్లాడు భయపడిపోయి ఉన్నా, దెబ్బలు తగిలినా, ఎక్కడున్నాడో తెలియకపోయినా 1098కి కూడా చేయండి, అది పిల్లల హెల్ప్‌లైన్.

నేరుగా వెళ్లాలంటే గుంటూరు వాళ్లకి తేలిక, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ గుంటూరు జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. విజయవాడ వాళ్లకి ఇక్కడే చిన్న తికమక వస్తుంది. కృష్ణా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉండేది మచిలీపట్నం జిల్లా కోర్టులో. 2022లో ఎన్టీఆర్ జిల్లా వేరుపడింది కదా, ఆఫీసు కూడా కలెక్టరేట్ పక్కనే ఉంటుందనుకుని తిరిగేవాళ్లు ఉన్నారు. బందరు దాకా పరుగెత్తక్కర్లేదు, విజయవాడ కోర్టుల సముదాయంలో ఉన్న మండల న్యాయ సేవాధికార సంఘానికి వెళ్లి దరఖాస్తు ఇవ్వవచ్చు. తెల్లకాగితం మీద తెలుగులో రాసినా చాలు: పిల్లాడి పేరు, వయసు, స్టేషన్, కేసు నంబరు ఉంటే నంబరు, మీ ఫోన్ నంబరు. వయసు కాగితం జిరాక్సు జతచేయండి. రాష్ట్ర న్యాయ సేవాధికార సంస్థ అమరావతిలో ఉంది. కింది స్థాయిలో ఎవరూ పట్టించుకోకపోతే అక్కడికి రాయవచ్చు. జాతీయ సంస్థ వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్ దరఖాస్తు సౌకర్యం కూడా ఉంది.

"ఫ్రీ లాయర్ అంటే ఏం పనిచేస్తాడు" అనే మాట ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. నేనైతే ఈ మాటని గట్టిగా కాదంటాను. న్యాయ సేవాధికార సంస్థ జాబితాలో ఉండి బోర్డు కేసులు చూసే ప్యానెల్ లాయర్ వారం వారం అక్కడికే వెళతారు, పిల్లాడి ఇంటి పరిస్థితులు విచారించే ప్రొబేషన్ ఆఫీసర్ ఎవరో, కేసు నడిచేటప్పుడు పిల్లల్ని ఉంచే అబ్జర్వేషన్ హోమ్ సూపరింటెండెంట్ ఎవరో, ఏ కాగితం ఎక్కడ ఆగుతుందో వాళ్లకి తెలుసు. బయట ఎంత పేరున్న లాయరైనా మొదటిసారి బోర్డుకి వస్తే ఇవన్నీ కొత్తగా కనుక్కోవాల్సిందే. ప్యానెల్ లాయర్లలోనూ శ్రద్ధ లేనివాళ్లు ఉంటారు, అది నిజమే, కానీ డబ్బు తీసుకునేవాళ్లలో లేరా? ప్యానెల్ లాయర్ మీ దగ్గర ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. ఖర్చులకనో గుమాస్తాకనో అడిగితే ఆ సంస్థ కార్యదర్శికి రాసివ్వండి. లాయర్ సరిగా రావట్లేదనిపిస్తే మార్చమని కూడా అక్కడే అడగవచ్చు.

సొంతంగా లాయర్‌ని పెట్టుకోవాలనుకుంటే

అది మీ ఇష్టం, కొన్ని కేసుల్లో అవసరం కూడా. మొదటి రోజు హాజరుకి ప్యానెల్ లాయర్‌తో పని జరిపించి, ఆ తర్వాత నింపాదిగా వెతుక్కోవచ్చు. ఉచిత లాయర్ ఒకసారి వస్తే ఇక వేరేవాళ్లని పెట్టుకోకూడదనే నియమం ఏదీ లేదు.

వెతకాల్సిన చోటు కోర్టు గేటు దగ్గర కాదు. బోర్డు కోర్టు ఆవరణలో కూర్చోకూడదని, అబ్జర్వేషన్ హోమ్‌లో గానీ దాని దగ్గరలో గానీ జరగాలని రూల్స్‌లో ఉంది. అందుకే కోర్టు వరండాలో కనిపించే చాలామంది లాయర్లకి బోర్డుతో పరిచయం తక్కువ. బోర్డు కూర్చునే రోజున అక్కడికే వెళ్లి చూడండి, ఎవరు తరచూ వస్తున్నారో, పిల్లలతో ఎలా మాట్లాడుతున్నారో, ఎదురుచూస్తున్న మిగతా తల్లిదండ్రులు ఏమంటున్నారో అర్థమవుతుంది. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో లీగల్ కమ్ ప్రొబేషన్ ఆఫీసర్ ఉంటారు, వాళ్లని అడిగితే కనీసం పద్ధతి ఏమిటో చెబుతారు. విజయవాడలో నవజీవన్ బాలభవన్ లాగా వీధి పిల్లలు, రైల్వే స్టేషన్లో దొరికిన పిల్లల కోసం పనిచేసే సంస్థలున్నాయి, అలాంటిచోట పనిచేసేవాళ్లకి పిల్లల కేసులు చూసే లాయర్లు తెలిసే అవకాశం ఎక్కువ. మీకు తెలిసిన సివిల్ లాయర్ ఉంటే ఆయన్నే కేసు చూడమనకుండా "బోర్డులో రెగ్యులర్‌గా కనిపించేవాళ్లు ఎవరండీ?" అని అడగండి. ఈ ప్రశ్నకి చాలామంది నిజాయితీగా జవాబిస్తారు.

లాయర్ నిజంగా లాయరేనా అని చూసుకోవడం కూడా అవసరమే. బార్ కౌన్సిల్ ఎన్‌రోల్‌మెంట్ నంబరు అడగండి, బెజవాడ బార్ అసోసియేషన్‌లోనో గుంటూరు బార్ అసోసియేషన్‌లోనో సభ్యులా అని విచారించండి. లాయర్లు తమ గురించి ప్రకటనలు ఇచ్చుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకి విరుద్ధం. కాబట్టి ఫోన్‌లో వెతికితే మొదట కనిపించే "నంబర్ వన్ లాయర్" పేజీలని నమ్మి నిర్ణయం తీసుకోకండి.

ఘటన ఎక్కడ జరిగిందో అక్కడి బోర్డులో ప్రాక్టీసు ఉన్నవాళ్లే మేలు. గుంటూరు కుర్రాడిని బెంజ్ సర్కిల్ దగ్గర పట్టుకుంటే కేసు విజయవాడలోనే నడుస్తుంది. గుంటూరు లాయర్ ఎంత మంచివారైనా ప్రతి వాయిదాకి వారధి దాటి రావాలి. నాలుగో వాయిదాకి జూనియర్ వస్తారు, ఐదో వాయిదాకి ఎవరూ రారు.

కలిసినప్పుడు ఏం అడగాలి

లాయర్ ఆఫీసులో కూర్చోగానే మనం చేతులు కట్టుకుని ఆయన చెప్పింది వింటాం. అలా కాకుండా కొన్ని ప్రశ్నలు రాసుకుని వెళ్లండి, అడగడానికి మొహమాటపడకండి.

మొదటిది, బెయిల్ ఏ సెక్షన్ కింద వేస్తారు? జువైనల్ చట్టం 12వ సెక్షన్ అనాలి. అలాకాకుండా భారతీయ నాగరిక సురక్షా సంహితలో 480, 483 అంటూ మొదలుపెడితే అవి పెద్దవాళ్ల బెయిల్ సెక్షన్లు, ఆయన బోర్డు పని పెద్దగా చేసినట్టు లేదు. పిల్లల విషయంలో నేరం బెయిలబుల్ అయినా కాకపోయినా బెయిల్ ఇవ్వడమే మామూలు పద్ధతి. ఆపడానికి మూడే కారణాలు: విడుదల చేస్తే నేరస్థులతో కలుస్తాడని నమ్మడానికి ఆధారం ఉండటం, పిల్లాడికే నైతికంగా, శారీరకంగా లేదా మానసికంగా ప్రమాదం ఉండటం, న్యాయ ప్రయోజనం దెబ్బతినడం. కాదంటే బోర్డు కారణం రాయాలి. నేరం పెద్దది అన్న ఒక్క మాట ఆ మూడింటిలో లేదు. ఇది తెలిసిన లాయర్ వెంటనే మిమ్మల్నే తిరిగి అడుగుతారు: ఇంట్లో ఎవరుంటారు, వాడి స్నేహితులు ఎవరు, కొన్నాళ్లు తెనాలిలోనో సత్తెనపల్లిలోనో పెదనాన్న గారింట్లో ఉంచగలరా, స్కూల్ వాళ్లు మళ్లీ చేర్చుకుంటారా అని. ఇలా అడిగే లాయర్ కనిపిస్తే వదులుకోకండి. బెయిల్ ఇచ్చాక షూరిటీలు (పూచీ ఉండేవాళ్లు) దొరక్కో ఇంకో షరతు తీర్చలేకో పిల్లాడు ఏడు రోజులు హోమ్‌లోనే ఉండిపోతే, షరతులు మార్చడానికి మళ్లీ బోర్డు ముందుకి తేవాలని అదే సెక్షన్‌లో ఉంది. దీన్ని కూడా గుర్తుచేయండి.

రెండోది, మా అబ్బాయితో మీరు ఒంటరిగా మాట్లాడతారా? చాలామంది లాయర్లు అంతా తండ్రితోనే మాట్లాడి పిల్లాడిని ఒక్క మాట కూడా అడగరు. తండ్రి ముందు పిల్లాడు నిజం చెప్పడు, ముఖ్యంగా సిగరెట్టు, అమ్మాయి, డబ్బు విషయాలు. ఫీజు మీరు కట్టినా లాయర్ పనిచేయాల్సింది పిల్లాడి కోసం. ఆయన మిమ్మల్ని కాసేపు బయట కూర్చోమంటే నొచ్చుకోకండి.

మూడోది, ప్రొబేషన్ ఆఫీసర్ నివేదిక విషయంలో ఏం చేస్తారు? పిల్లాడి ఇల్లు, చదువు, పరిస్థితుల మీద రెండు వారాల్లో సామాజిక విచారణ నివేదిక బోర్డుకి వెళుతుంది. బెయిల్ నుంచి ఆఖరి ఆర్డర్ దాకా దాని ప్రభావం ఉంటుంది. దాని గురించి ఏమీ తెలియనట్టు చూసే లాయర్‌తో ముందుకి వెళ్లకపోవడమే మంచిది.

ఇక వాయిదాలకి మీరే వస్తారా, జూనియర్‌ని పంపుతారా, ఫోన్ చేస్తే ఎవరు మాట్లాడతారు, ఇలాంటివి మామూలువే, అయినా అడగండి. నేరం ఒప్పేసుకుంటే మందలించి పంపేస్తారు, పని అయిపోతుంది అని మొదటి పది నిమిషాల్లోనే చెప్పే లాయర్‌ని మాత్రం నమ్మకండి. కాగితాలు చదవకుండా ఆ మాట ఎలా అంటారు? ఒప్పుకోవడం కొన్ని చిన్న కేసుల్లో సరైన దారే కావచ్చు, కానీ అది సాక్ష్యం చూశాక, పిల్లాడికి అర్థమయ్యేలా చెప్పాక, వాడి ఇష్టంతో జరగాలి.

"ఎస్సై మనవాడే", "మేజిస్ట్రేట్ గారితో నేను మాట్లాడతా", "వయసు తగ్గించి సర్టిఫికెట్ చేయిద్దాం", "కంప్లైంట్ ఇచ్చినవాళ్ల ఇంటికి నలుగురిని పంపుదాం": వీటిలో ఏ ఒక్కటి వినిపించినా లేచి వచ్చేయండి. దొంగ సర్టిఫికెట్ పట్టుబడిన రోజు అసలు కేసు కంటే అదే పెద్దదవుతుంది.

అందరికీ ఒకే లాయర్ వద్దు

ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే, అయినా దీన్ని గురించి ఎవరూ చెప్పరు. సింగ్‌నగర్‌లో ఉండే పదిహేడేళ్ల కుర్రాడు తాను అన్నా అని పిలిచే ఇరవై రెండేళ్ల కుర్రాడితో కలిసి గంజాయి ప్యాకెట్‌తో దొరికాడనుకోండి. ఆ అన్న తాలూకు వాళ్లు "మా లాయరే ఇద్దరికీ చూస్తాడు, మీరు డబ్బులివ్వక్కర్లేదు" అంటారు. మీకు భారం తగ్గినట్టే ఉంటుంది. కానీ బ్యాగు ఎవరిది అనే ప్రశ్న వచ్చినప్పుడు ఆ లాయర్ ఎవరి వైపు ఉంటాడు? మైనర్ మీదకి నెట్టేస్తే పెద్దవాడు బయటపడతాడు, వాడికి ఎలాగూ పెద్ద శిక్ష పడదులే అని సర్దిచెబుతారు. పెద్దవాళ్లతో కలిపి పిల్లల కేసు విచారించకూడదని జువైనల్ చట్టం 23వ సెక్షన్ చెబుతోంది. విచారణే వేరుగా జరగాల్సినప్పుడు లాయర్ కూడా వేరుగా ఉండటమే సబబు.

బండి కేసుల్లో ఈ చిక్కు ఇంట్లోనే ఉంటుంది. మైనర్ బండి నడిపి యాక్సిడెంట్ చేస్తే మోటారు వాహనాల చట్టం 199ఎ సెక్షన్ కింద బండి ఓనర్ మీద, తల్లిదండ్రుల మీద కూడా కేసు పెడతారు. మూడేళ్ల దాకా జైలు, ఇరవై అయిదు వేల జరిమానా, ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు, పిల్లాడికి ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా లైసెన్సు లేకపోవడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. తండ్రి తప్పించుకోవాలంటే "నాకు తెలియకుండా తాళం తీసుకెళ్లాడు" అనాలి, పిల్లాడేమో "నాన్నే ఇచ్చాడు" అంటాడు. ఒకే లాయర్ ఈ రెండు మాటలూ వాదించలేరు. అలాంటప్పుడు పిల్లాడికి న్యాయ సేవల నుంచి వచ్చిన లాయర్‌ని ఉంచి, తండ్రి తన లాయర్‌ని తాను పెట్టుకోవడం మంచిది.

పదహారు దాటితే, నేరం పెద్దదైతే

చట్టం నేరాలని మూడుగా విడదీసింది. గరిష్ఠ శిక్ష మూడేళ్ల వరకు ఉన్నవి చిన్నవి. ఫోన్ లాక్కుని పారిపోవడం లాంటివి చాలావరకు ఇందులోకే వస్తాయి. కనీస శిక్షే ఏడేళ్లు, అంతకంటే ఎక్కువ ఉన్నవి ఘోరమైనవి. ఈ రెండింటికీ మధ్యలో ఉన్నవి తీవ్రమైనవి. చిన్న నేరాల విచారణ మొదటి హాజరు నుంచి నాలుగు నెలల్లో ముగియాలి, మరో రెండు నెలలు పొడిగించవచ్చు, అప్పటికీ తేలకపోతే కేసు అక్కడితో ఆగిపోతుంది. లాయర్ ఈ తేదీలు లెక్కపెట్టుకుంటున్నారా లేదా అన్నది మీరు కూడా చూసుకోండి.

గంజాయి కేసులో పరిమాణం మీదే అంతా ఆధారపడుతుంది. కిలో వరకు చిన్న పరిమాణం, ఇరవై కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, దానికి కనీస శిక్ష పదేళ్లు, అంటే అది ఘోరమైన నేరం కిందికి వస్తుంది. ఇంకోటి ప్రేమ కేసులు. పదిహేడేళ్ల అబ్బాయి, పదహారేళ్ల అమ్మాయి ఇంట్లోంచి వెళ్లిపోతారు, అమ్మాయి తల్లిదండ్రులు కంప్లైంట్ ఇస్తారు, పిల్లల మీద లైంగిక నేరాల చట్టం పోక్సో కింద కేసు పడుతుంది. శారీరక సంబంధం ఆరోపణ ఉంటే కనీస శిక్ష పదేళ్ల నుంచి మొదలవుతుంది, అమ్మాయి ఇష్టంతోనే వచ్చిందన్న మాట ఆ వయసులో చట్టం దృష్టిలో చెల్లదు. ఇంట్లో చిన్న గొడవ అనుకున్నది కాగితం మీద ఘోరమైన నేరంగా మారిపోతుంది.

పదహారు నిండిన పిల్లల మీద ఘోరమైన నేరం ఆరోపణ ఉంటే బోర్డు మూడు నెలల్లో ప్రాథమిక మదింపు చేస్తుంది. ఆ పని చేసే మానసిక, శారీరక సామర్థ్యం పిల్లాడికి ఉందా, పర్యవసానాలు వాడికి అర్థమవుతాయా, ఏ పరిస్థితుల్లో జరిగింది, ఇవి చూసి పెద్దవాళ్లలా విచారించాలా అన్నది తేల్చి బాలల కోర్టుకి పంపవచ్చు. నేను డబ్బు పెట్టి మంచి లాయర్‌ని పెట్టుకోమని చెప్పేది ఈ ఒక్క దశ కోసమే. ఇది నేరం చేశాడా లేదా అని తేల్చే విచారణ కాదు. కానీ "ఏ పరిస్థితుల్లో జరిగింది" అని అడిగినప్పుడు పిల్లాడు అమాయకంగా మొత్తం చెప్పేస్తాడు. లాయర్ ముందే వాడితో కూర్చుని ఏం అడుగుతారో, ఎందుకు అడుగుతారో వివరించాలి. బోర్డులో పిల్లల మనస్తత్వశాస్త్రం చదివినవాళ్లు లేకపోతే నిపుణుల సాయం తప్పనిసరిగా తీసుకోవాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది, దాన్ని పట్టుబట్టి అడగాల్సింది కూడా లాయరే. ఆర్డర్ వ్యతిరేకంగా వస్తే అప్పీలు గడువు ముప్పై రోజులు. హైకోర్టు దాకా వెళ్లాల్సి వస్తే అది నేలపాడులో ఉంది, అక్కడా న్యాయ సహాయం దొరుకుతుంది.

ఫీజు, వకాల్తా

ఫీజు ఎంత అన్నదానికి లెక్క లేదు, మనిషిని బట్టి కేసుని బట్టి మారుతుంది. ముందే తేల్చుకోవాల్సింది ఆ మొత్తంలో ఏమేం వస్తాయన్నది: బెయిల్ వరకేనా, మొత్తం విచారణకా, అప్పీలుకి మళ్లీ వేరేనా, జిరాక్సులు, గుమాస్తా ఖర్చులు ఎవరివి. విడతలుగా కడతామని అడగండి. ఇచ్చిన ప్రతిసారీ రసీదు తీసుకోండి, రసీదు ఇవ్వకపోతే ఫోన్ ద్వారా పంపండి, కనీసం లెక్క ఉంటుంది. గెలిస్తేనే ఫీజు అనే ఒప్పందం లాయర్లు చేసుకోకూడదు, అది బార్ కౌన్సిల్ నిబంధన. ఖాళీ కాగితాల మీద సంతకాలు అస్సలు పెట్టకండి. వకాల్తా, అంటే మీ తరఫున వాదించే అధికారం లాయర్‌కి ఇచ్చే కాగితం మీద సంతకం పెట్టేముందు పేర్లు, కేసు వివరాలు నింపి ఉన్నాయా అని చదువుకోండి, ఇంగ్లిషులో ఉంటే తెలుగులో చెప్పించుకోండి.

లాయర్‌ని మార్చాలనుకుంటే పాత లాయర్ దగ్గర అభ్యంతరం లేదని రాయించుకోవడం ఆనవాయితీ. బాకీ ఏమైనా ఉంటే తీర్చేసి, కాగితాలన్నీ వెనక్కి తీసుకుని, గొడవ లేకుండా విడిపోండి. ఆయన మోసం చేశారనో డబ్బు తీసుకుని రాలేదనో ఆధారం ఉంటే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయవచ్చు.

లాయర్ కుదిరాక ఇంట్లోవాళ్లు చేయాల్సింది

ఒక ఫైలు పెట్టుకోండి. ఎఫ్ఐఆర్ కాపీ ఉంటే అది, వయసు కాగితాలు, స్కూల్ బోనఫైడ్, రేషన్ కార్డు, ఆసుపత్రి కాగితాలు, వాయిదా తేదీలు రాసిన నోటు పుస్తకం. స్టేషన్‌లో కొట్టారని పిల్లాడు చెబితే మొదటి హాజరులోనే లాయర్ చేత బోర్డుకి చెప్పించండి, పోలీసుల వల్ల ఏ ఇబ్బందీ కలగలేదని నిర్ధారించుకోవడం బోర్డు చేయాల్సిన మొదటి పనుల్లో ఒకటి. దెబ్బలు మానేదాకా ఆగితే చూపించడానికి ఏమీ ఉండదు.

పిల్లాడి పేరు, ఫొటో, స్కూల్ పేరు ఎక్కడా బయటకి రాకూడదని జువైనల్ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. పేపర్లో గానీ యూట్యూబ్ ఛానెల్లో గానీ వస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అలాంటిది కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి లాయర్‌కి ఇవ్వండి. మన వాళ్లు కూడా జాగ్రత్తగా ఉండాలి, "మా మేనల్లుడి కోసం మంచి లాయర్ కావాలి" అంటూ పేరు, ఫొటోతో బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టే బాబాయిని ఆరోజే ఆపండి.

అబ్జర్వేషన్ హోమ్‌లో ఉంటే కలవడానికి వెళుతూ ఉండండి. తిట్టడానికి వెళ్లకండి. వాడికి అక్కడ ఉన్న భయం మీరు ఊహించలేనిది. చదువు ఎక్కడ ఆగిందో కనుక్కుని పుస్తకాలు పంపడానికి అనుమతి అడగండి, పరీక్షలు దగ్గరలో ఉంటే హాల్ టికెట్ సంగతి లాయర్‌తో చెప్పి బోర్డుని అడిగించండి.

కేసు ముగిశాక లాయర్‌తో ఇంకో పని మిగిలి ఉంటుంది, సంతోషంలో చాలామంది దీన్ని మర్చిపోతారు. పెద్దవాళ్లలా విచారించిన ఘోరమైన కేసులని పక్కన పెడితే, బోర్డు తప్పు చేశాడని తేల్చినా దానివల్ల ఉద్యోగానికో చదువుకో అనర్హత రాకూడదని, గడువు తీరాక రికార్డు ధ్వంసం చేయాలని అదే చట్టం 24వ సెక్షన్ చెబుతోంది. క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం ఆ వివరాలు పోలీసులు బయటపెట్టకూడదు. రేపు పాస్‌పోర్టుకో పోలీసు ఉద్యోగానికో వెరిఫికేషన్ వచ్చినప్పుడు పాత కేసు అంటూ ఎవరైనా అడ్డుపెడితే చూపించడానికి ఆఖరి ఆర్డర్ సర్టిఫైడ్ కాపీలు రెండు తీయించమని లాయర్‌ని అడగండి. ఆర్డర్‌లో రికార్డు గురించి ఏం రాశారో చదివించుకోండి, ఏమీ రాయకపోతే 24వ సెక్షన్ ప్రకారం ఆదేశించమని బోర్డుకి పిటిషన్ వేయించండి.